గోడవైపు మొగ్గ

ఆ వీధి చివరి ఇల్లు ఎక్కడని అడిగితే ఎవరూ ఇంటి నంబరు చెప్పరు. "ముళ్ళమ్మ ఇల్లా? తిన్నగా వెళ్ళండి, రోడ్డు అయిపోయి ఇసుక మొదలయ్యే చోట ఆగండి" అంటారు. మనం ఆగకపోయినా ఫరవాలేదు, ముళ్ళే ఆపుతాయి. గేటు దగ్గర నుంచి వంటింటి గుమ్మం దాకా ఎటు చూసినా జెముడు మొక్కలే. పగిలిన బకెట్లలో, అడుగు మాడిన కుక్కరులో, ఇంటాయన పాత హెల్మెట్టులో, మూత పోయిన టీ కెటిల్లో కూడా ఏదో ఒక ముళ్ళబుర్ర దర్జాగా కూర్చుని ఉంటుంది. పాలు పోసే అతను గేటు బయటే నిలబడి కేకేస్తాడు. ఒకసారి లోపలికి వచ్చి ప్యాంటు చింపుకున్నాడు. అప్పటి నుంచి ఆ ఇల్లంటే అతనికి మహా గౌరవం.

ముళ్ళమ్మ అన్నది వీధి పెట్టిన పేరు. ఆసుపత్రిలో ఆవిడ ఎక్స్‌రే మేడమ్. పొద్దుటి నుంచి జనం ఎముకలకు ఫొటోలు తీస్తుంది. "కదలకండి... ఊపిరి బిగబట్టండి... ఆఁ, వదలండి." ఈ మాటలు నోట్లో ఎంతగా నానిపోయాయంటే, ఇంటికొచ్చి కెమెరా పట్టుకుని పువ్వు ముందు గొంతుక్కూర్చున్నప్పుడు కూడా పువ్వుతో అదే అంటుంది. పువ్వు సంగతేమో గానీ ఆవిడ మాత్రం ఊపిరి బిగబడుతుంది. ఆ కెమెరా ఒక స్టూడియో ఆయన వదిలించుకున్న పాతది. బెల్టు తెగిపోతే ఆసుపత్రి కట్టుగుడ్డతో ముడేసింది.

ఎడారి అంచున పెరటితోట అంటే మాటలు కాదు. అక్కడ ఎండకు గులాబీ మొక్క ఒక్క వేసవి కూడా తట్టుకోదు. జెముడు తట్టుకుంటుంది గానీ దానికీ బోలెడు నఖరాలున్నాయి. చలికాలంలో నీళ్ళు పోస్తే అలిగి కుళ్ళిపోతుంది. ఎండాకాలంలో మరిచిపోతే అలిగి ముడుచుకుంటుంది. అన్నీ సరిగ్గా చేస్తే, దాని బుద్ధి బాగున్న ఏడు ఒక మొగ్గ వేస్తుంది. పొద్దున్నే విచ్చిన పువ్వు సాయంత్రానికి తల వేలాడేస్తుంది. పొద్దెక్కితే ఆ ఎండ రంగంతా పీల్చేస్తుంది కాబట్టి ఫొటో తియ్యడానికి దొరికేది పొద్దుటి కాస్త సమయమే. ముళ్ళమ్మ చేతివేళ్ళ నిండా ఎప్పుడూ సన్నటి ముళ్ళే. భోజనం దగ్గర కూర్చుని చిమటాతో పీక్కుంటూ ఉంటుంది.

ఇంటాయన తాపీ మేస్త్రి. ఊళ్ళో సగం గోడలు ఆయన చేతిమీదుగా లేచినవే. ఇప్పుడు నడుము మొరాయిస్తోంది కాబట్టి చిన్నాచితకా మరమ్మతులు తప్ప ఒప్పుకోవడం లేదు. జెముళ్ళంటే ఆయనకు ప్రేమా లేదు, పగా లేదు. ఒక్క మొక్కను మాత్రం "మొండిఘటం" అనేవాడు. "ఇంట్లో మొండిఘటాలు రెండున్నాయి. ఒకటి కుండీలో ఉంది, ఇంకోటి నా నెత్తిన ఉంది" అని నవ్వేవాడు. ముళ్ళమ్మ మూతి తిప్పుకునేది.

కుండీలో ఉన్న మొండిఘటం అత్తగారిది. దాని వెనక పెద్ద కథే ఉంది.

అత్తగారు వయసులో ఉన్నప్పుడు ఎడారి రోడ్డు పనికి కంకర మోసేది. పనివాళ్ళను పొద్దున్నే లారీలో తీసుకెళ్ళి సాయంత్రం దింపేవారు. ఒకరోజు పొద్దున ఒక మలుపు తిరగ్గానే గుట్ట గుట్టంతా పువ్వులు. ముందురోజు దాకా ముళ్ళు తప్ప ఏమీ లేని గుట్ట. ఏం రంగో చూసేలోపే లారీ మలుపు దాటేసింది. "అన్నా, కాస్త ఆపవా" అని డ్రైవరు గది మీద గుద్దింది. ఆపలేదు. సాయంత్రం తిరిగొచ్చేసరికి పువ్వులన్నీ మూసుకుపోయాయి. కొన్నాళ్ళకు రోడ్డు కోసం ఆ గుట్టనే చదును చేసేశారు. రాళ్ళలో విరిగిపడిన ఒక పిలకను ఆవిడ తట్టలో వేసుకుని ఇంటికి తెచ్చింది. అదే ఈ మొండిఘటం. గున్న ఏనుగు తలంత అయింది గానీ ఒక్కసారి కూడా పూసిన పాపాన పోలేదు.

అప్పటి నుంచి ఆ ఇంట్లో ఏది చేజారినా ఒకటే మాట. బస్సు తప్పిపోయినా, పాలు పొంగిపోయినా, చీటీలో పేరు రాకపోయినా, "లారీ వెళ్ళిపోయింది" అంటారు. మొదలుపెట్టింది అత్తగారే. నవ్వుతూనే అనేది. కానీ ఆ నవ్వు వెనక ఏముందో ముళ్ళమ్మకు కాపురానికొచ్చిన కొత్తలోనే తెలిసింది. అత్తగారి కుండీని తన చేతుల్లోకి తీసుకున్నదీ, మిగతా తోటంతా పెంచిందీ అందుకే.

ఈలోపు అత్తగారి చూపు మందగించింది. కంటి నరం ఎండిపోతోందన్నారు డాక్టరు. ఎండలోకి వస్తే అంతా తెల్లటి మంట. నీడలో చూస్తే గొట్టంలోంచి చూసినట్టు మధ్యలో కాస్తంత ముక్క. "ఆ ముక్క ఎన్నాళ్ళుంటుందో చెప్పలేనమ్మా" అన్నారాయన. ముళ్ళమ్మ ఇంటికి వచ్చి తిన్నగా కుండీ దగ్గరికి వెళ్ళింది. "ఇంక నాతో ఆటలాడకు" అని మొక్కతో గట్టిగానే అంది.

అత్తగారికి పువ్వు చూపించే దారి మాత్రం అనుకోకుండా దొరికింది. ఆసుపత్రి కంప్యూటర్లకు మారినప్పుడు, ఎక్స్‌రే ఫిల్ములు పెట్టి చూసే లైటుపెట్టెలను చెత్తలో పడేస్తుంటే, అడిగి ఒకటి ఇంటికి తెచ్చుకుంది. ఒకరోజు అత్తగారి మోకాలి ఫిల్మును దానిమీద పెట్టి చూస్తుంటే, వెనక నుంచి "ఆ చిప్ప కింద అంచు అరిగిపోయింది కదూ" అన్న మాట వినపడింది. ముళ్ళమ్మ గిర్రున తిరిగింది. మనిషి ముఖం పోల్చుకోలేని అత్తగారు తన మోకాలిని చూస్తోంది! గదిలో చీకటి, వెనక నుంచి నిలకడగా వెలుగు, కదలని బొమ్మ. ఈ మూడూ కుదిరితే ఆ కాస్త చూపూ పనిచేస్తోందన్నమాట.

ఇంకేముంది, రాత్రుళ్ళు వెలిగే దుకాణాల బోర్డులు వేసే చోటికి వెళ్ళి, తన పూల ఫొటోలను వెలుగు దూరే ప్లాస్టిక్ షీటు మీద అచ్చు వేయించుకుని వచ్చేది. ఒక్కొక్కటీ లైటుపెట్టెకు తగిలించి అత్తగారిని ముందు కూర్చోబెట్టేది. ముసలమ్మ ముఖాన్ని దగ్గరగా పెట్టి, మెల్లిగా తల తిప్పుకుంటూ, ముక్కలు ముక్కలుగా చూసేది. అంతా చూసి, "బాగుందే అమ్మాయ్. అది కాదు" అనేది. ప్రతిసారీ అదే మాట. బాగుంది, అది కాదు.

ఆ మధ్య ఒక వేసవిలో మొండిఘటం మొగ్గలు వేసింది. ముళ్ళమ్మ కాళ్ళు నేలమీద ఆనలేదు. అయితే మొగ్గలు నీడవైపు ఉన్నాయి. ఫొటోలో రంగు రావాలని రోజూ కుండీని కాస్త కాస్తగా వెలుగువైపు తిప్పింది. ఆసుపత్రిలో మనుషుల మోకాళ్ళూ మోచేతులూ కావలసిన వైపు తిప్పించడం అలవాటైన చెయ్యి కదా! మనిషైతే మూలిగినా తిరుగుతాడు. మొగ్గ వేసిన జెముడును తిప్పకూడదు. దానికి ఏ దిక్కు ఏదో తెలియకుండా పోతుంది. మొగ్గలన్నీ వరసగా వాడి రాలిపోయాయి. ముళ్ళమ్మ వాటిని చేటలో ఏరుకుని అత్తగారి దగ్గరికి వెళ్ళి భోరుమంది. ముసలమ్మ ఆ ఎండిన మొగ్గలను వేళ్ళతో తడుముతూ, "పోనీలే. లారీ వెళ్ళిపోయింది" అంది. తిట్టినా బాగుండేది.

ఆ తర్వాత కుండీని పడమటి గోడ పక్కన, గాలి తగలని చోట పెట్టి, దాన్ని ఎవరూ ముట్టుకోకూడదని ఇంట్లో శాసనం చేసింది. మేస్త్రి దాని చుట్టూ ఊడవడానికి కూడా భయపడేవాడు.

ఈ ఏడు మళ్ళీ మొగ్గ వచ్చింది. ఒక్కటే. ఎక్కడ? సరిగ్గా గోడవైపు. గోడ నుంచి వచ్చే వేడికి అటే పుట్టింది మహాతల్లి. కుండీకీ గోడకూ మధ్య జానెడు సందు కూడా లేదు. ముళ్ళమ్మ నేలమీద పడుకుని, చెంపకు ముళ్ళు గీసుకుంటున్నా లెక్కచెయ్యకుండా చూసింది. బూడిదరంగు నూగుతో వేలెడంత మొగ్గ. రెండురోజులు పోయాక చూస్తే గొట్టంలా సాగింది. ఇంకా సాగుతోంది. ఇలాగే సాగితే విచ్చుకునే ముందే గోడకు తగిలి నలిగిపోతుంది.

మేస్త్రి కూడా వంగి చూశాడు. కొలతలు ఆయనకు కంటితోనే తెలుస్తాయి. "కొంచెం, ఇంతంటే ఇంత, కుండీని ఇవతలికి జరిపితే సరి" అన్నాడు.

"జరపను."

"తిప్పొద్దు, జరుపుదాం అంటున్నా."

"ఆ బరువు కుండీ తిరక్కుండా జరుగుతుందా? ఒకసారి చేసిన తప్పు చాలు. కుండీ అంగుళం కదలడానికి వీల్లేదు."

"మరి ఏం చేద్దామంటావు?"

"గోడ తీసెయ్యాలి."

మేస్త్రి ముందు నవ్వాడు. ఆవిడ నవ్వడం లేదని చూసి ఒంటికాలి మీద లేచాడు. లేవడూ మరి! జీవితమంతా పరాయివాళ్ళ గోడలు కట్టిన మనిషి తన కోసం కట్టుకున్న మొదటి గోడ అది. అంతకుముందు గాలి వీస్తే కంచంలో ఇసుక, పరుపులో ఇసుక, చెవుల్లో ఇసుక. ఆదివారాలన్నీ ధారపోసి, నిలువు చూసే గుండు వేలాడదీసి, వరస వరసా చూసుకుంటూ కట్టాడు. ఇప్పటికీ సాయంత్రంపూట దానికి వీపు ఆనించి టీ తాగడం ఆయనకు ఇష్టం.

"పువ్వు కోసం గోడ పడగొట్టారని తెలిస్తే ఊళ్ళో నాకు తాపీ పట్టుకునే ముఖం ఉంటుందా? నీకేమైనా మతి పోయిందా?"

"మీ గోడ మళ్ళీ లేస్తుంది. అత్తయ్య చూపు మళ్ళీ వస్తుందా?"

మేస్త్రి వాదనలో ఓడిన మగవాళ్ళు చేసే పనే చేశాడు. చెప్పులు వేసుకుని బయటికి వెళ్ళిపోయాడు.

లోపలి గదిలోంచి అత్తగారు పిలిచింది. అన్నీ విననే విన్నది. "అమ్మాయ్, వాడి ప్రాణమంతా ఆ గోడలోనే ఉంది. ఊరికే గొడవలెందుకు? ఈ లారీ కూడా వెళ్ళిపోయిందనుకుందాం."

"వెళ్ళదు" అంది ముళ్ళమ్మ. "ఈసారి లారీ నా మీదుగా వెళ్ళాలి, అత్తయ్యా."

మర్నాడు పొద్దున్నే ఆసుపత్రికి సెలవు చెప్పింది. కారణం ఏమిటని అడిగితే "అత్తగారి కంటి పని" అంది. అందులో అబద్ధం ఏముంది? భర్త పనిముట్ల సంచిలోంచి ఉలీ సుత్తీ తీసుకుని, చుట్టూ తిరిగి గోడ అవతలికి వెళ్ళి, మొగ్గ ఎదురుగా ఉంటుందనుకున్న ఇటుక మీద ఉలి పెట్టి ఒక్కటి వేసింది. సుత్తి జారి బొటనవేలి మీద పడింది. వేలు నోట్లో పెట్టుకుని, రెండోది వేసింది.

మంచం మీద అటు తిరిగి పడుకున్న మేస్త్రికి ఆ చప్పుడు వినిపించింది. పని తెలియని చెయ్యి వేసే దెబ్బ. మూడో దెబ్బకు లేచి కూర్చున్నాడు. నాలుగో దెబ్బకు గోడ అవతల ఉన్నాడు.

"ఆపు! అలా బాదితే గోడ పడదు, అదిరి అవతల మొగ్గ రాలుతుంది. ఏ ఇటుకకు ఏది ఆసరానో తెలుసా నీకు? పైవరస వచ్చి నెత్తిన పడితే నీ ఎముకలకు ఎక్స్‌రే ఎవరు తీస్తారు?"

ముళ్ళమ్మ సుత్తి ఇవ్వలేదు. "మీరు తీస్తారా, నన్ను తియ్యమంటారా?"

మేస్త్రి ఆవిడ వాచిన వేలు చూశాడు. గోడ మీద పడిన గీతలు చూశాడు. దేనికి ఎక్కువ బాధపడ్డాడో ఆయనకే తెలియాలి. "సుత్తి అక్కర్లేదు. లోపలికి వెళ్ళి రంపపు బ్లేడు తీసుకురా. పాత అట్ట కూడా" అన్నాడు.

అటు తర్వాత చూడాలి ఆయన పనితనం. మొగ్గకూ గోడకూ మధ్య అట్టను మెల్లిగా దించి, ముళ్ళమ్మను లోపలివైపు పట్టుకోమన్నాడు. తాను బయట కూర్చుని, ఇటుకల సందుల్లో నీళ్ళు చల్లుతూ, బ్లేడుతో సున్నితంగా కోశాడు. దెబ్బ అన్నది లేదు. ముందు పైవరస కింద ఇనుప పట్టీ దూర్చి ఆసరా ఇచ్చాడు. ఆ తర్వాత ఒక్కో ఇటుకనూ పాలపన్ను ఊడదీసినట్టు ఊపి, ఊపి, చేతిలోకి తీసుకున్నాడు. ప్రతి ఇటుకనూ దులిపి పక్కన పేర్చాడు. నడుం పట్టేసినప్పుడల్లా గోడనూ, పువ్వునూ, పెళ్ళాన్నీ వరసగా తిట్టుకున్నాడు. మొగ్గ ఎదురుగా ఉన్న ఇటుక ఊడి వచ్చేసరికి, మొగ్గ కొస అట్టను తాకుతూ ఉంది. అట్ట తీశారు. ఎడారి గాలి లోపలికి వచ్చి మొగ్గ నూగును కదిపింది. ఇద్దరూ కన్నంలోంచి ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"కిటికీ అయింది" అన్నాడు మేస్త్రి, సంతోషమో విచారమో తెలియనివ్వకుండా.

ఆ తర్వాత మొగ్గకు ఎదురులేకపోయింది. గోడ మందంలోకి దర్జాగా సాగి, ఒక సాయంత్రం కొస మెత్తబడి ఉబ్బింది. రేపే అనుకుంది ముళ్ళమ్మ.

తెల్లారి కెమెరా పట్టుకుని గోడ అవతలికి వెళ్ళేసరికి పువ్వు విచ్చి ఉంది. కన్నం నిండా ఉంది. అంచుల దగ్గర ముదురు నారింజ, లోపలికి వెళ్ళేకొద్దీ ఎరుపు, గొంతులో ఆకుపచ్చ. రేకులు పట్టులా మెరుస్తున్నాయి. ముళ్ళమ్మకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అయితే ఏడవడానికి ఇది సమయం కాదని తనను తానే కసురుకుంది.

రెండు చిక్కులున్నాయి. సూర్యుడు పువ్వు వెనకవైపు ఉన్నాడు కాబట్టి పువ్వు ముఖం నీడలో ఉంది. గాలి లేచింది, పువ్వు తల ఊపుతోంది. ఇప్పుడు అడ్డుకోవడానికి గోడ లేదు. గంట ఆగితే గాలి తగ్గుతుందేమో గానీ ఎండ ముదిరి రంగు పోతుంది. ముళ్ళమ్మ ఎటూ తోచక చుట్టూ చూసింది. అప్పటికే మేస్త్రి సెంట్రింగు చెక్క ఒకటి భుజాన వేసుకుని వస్తున్నాడు. రాత్రే దానికి సున్నం కొట్టి ఆరబెట్టాడట, ఒక్కమాట చెప్పలేదు. గాలికి ఎదురుగా నిలబడి చెక్కను ఏటవాలుగా పట్టాడు. గాలి ఆగింది. చెక్క మీద పడిన ఎండ తెల్లగా తిరిగి పువ్వు ముఖం మీద పడింది. గోడ ఉండాల్సిన చోట మేస్త్రి నిలబడ్డాడు.

"కదలకండి" అంది ముళ్ళమ్మ కెమెరాలోంచి చూస్తూ. "ఊపిరి బిగబట్టండి."

"ఎవరితో అంటున్నావ్? నాతోనా, దాంతోనా?"

"ముగ్గురం!"

ముగ్గురూ కదల్లేదు. నడుము లాగుతున్నా, ముక్కు మీద ఈగ వాలినా మేస్త్రి చెక్కను కదపలేదు. ముళ్ళమ్మ "వదలండి" అనేదాకా నిజంగానే ఊపిరి బిగబట్టుకుని నిలబడ్డాడు.

బోర్డుల దుకాణం షట్టరు లేపేసరికి ఆవిడ మెట్ల మీద కూర్చుని ఉంది. షీటు చుట్ట చంకలో పెట్టుకుని ఇంటికి వచ్చేసరికి మధ్యాహ్నం. గోడ కన్నంలో పువ్వు అప్పుడే కాస్త అలసినట్టు కనిపించింది. గది తలుపులు మూసి, కిటికీకి దుప్పటి కట్టి, షీటును లైటుపెట్టెకు తగిలించింది. అత్తగారిని నడిపించుకొచ్చి కుర్చీలో కూర్చోబెట్టింది. మేస్త్రి చేతులకున్న సున్నం కడుక్కోకుండానే వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

ముళ్ళమ్మ స్విచ్చి వేసింది.

ముసలమ్మ అలవాటుగా ముఖం దగ్గరికి పెట్టింది. మెల్లిగా తల తిప్పింది. ఒక అంచు, ఇంకో అంచు. మధ్యలోకి వచ్చింది. అక్కడే ఆగింది. బాగుంది అనలేదు. అది కాదు అనలేదు. ముళ్ళమ్మ ఊపిరి బిగబట్టింది. ఈసారి "వదలండి" అనేవాళ్ళు కూడా ఎవరూ లేరు.

ముసలమ్మ చెయ్యెత్తి, వెచ్చటి షీటు మీద రేకు అంచు వెంట వేలు పోనిచ్చింది. కంకర మోసి మోసి వంకర్లు పోయిన వేలు. మళ్ళీ మొదటి నుంచి చూడడం మొదలుపెట్టింది.

మేస్త్రి ఉండబట్టలేకపోయాడు. "కనిపిస్తోందా అమ్మా? అదేనా?"

"ఉండరా, తొందరపెట్టకు" అంది ముసలమ్మ, తల తిప్పకుండానే. "ఇప్పుడేగా లారీ ఆగింది."